దుమ్ము తెర వెనక చూడాలంటే: జేమ్స్ వెబ్బా, పరానల్ దుర్భిణులా?

కొన్ని గెలాక్సీల కేంద్రంలో ఉండే మహా కృష్ణబిలం తన చుట్టూ ఉన్న పదార్థాన్ని మింగుతుంటుంది. అక్కడ పుట్టే తీవ్రమైన కాంతిని ధూళి పీల్చుకుని, వేడెక్కి, కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిగా వెదజల్లుతుంది. ఆ ధూళిని చదవడానికి నేడు రెండు గొప్ప దారులున్నాయి.

చిలీలోని పరానల్ కొండ మీద 8.2 మీటర్ల దుర్భిణులు నాలుగు ఉన్నాయి. వాటి కాంతిని మాటిస్ అనే పరికరం ఒకచోట కలుపుతుంది. అప్పుడు ఎంత చిన్న వివరం కనబడుతుందో నిర్ణయించేది అద్దం వెడల్పు కాదు, దుర్భిణుల మధ్య దూరం. అది సుమారు 130 మీటర్ల దాకా ఉంటుంది. అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ దుర్భిణి అద్దం 6.5 మీటర్లే. అంటే దాదాపు 20 రెట్ల తేడా! దాదాపు 4.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీలో మందపాటి ధూళి వలయం కృష్ణబిలాన్ని కప్పేస్తోందని 2022లో మాటిస్ చూపింది. నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరించే ఫలితమిది.

అయితే ఈ పద్ధతికి కాంతిమంతమైన కేంద్రాలే కావాలి. పైగా మన వాతావరణం కొన్ని తరంగదైర్ఘ్యాలను అడ్డుకుంటుంది, తానూ పరారుణంలో వెలుగుతుంది.

వెబ్‌కు ఆ బెడద లేదు. దాని మిరి పరికరం 7 కెల్విన్ (సుమారు మైనస్ 266 డిగ్రీల సెల్సియస్) కంటే చల్లగా ఉండి, 5 నుంచి 28 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల వర్ణపటాన్ని తెంపు లేకుండా ఇస్తుంది. ధూళిలోని సిలికేట్ల (ఇసుక, రాళ్లలో ఉండే రకం ఖనిజాల) ఆనవాళ్లు 10, 18 మైక్రాన్ల దగ్గర రెండూ దొరుకుతాయి. ధూళి దేనితో తయారైందో తెలియాలంటే, మసక గెలాక్సీలు చూడాలంటే వెబ్బే. ఆకారం కావాలంటే మాత్రం నా ఓటు పరానల్‌కే.