మునిగిన నేల మీద మనిషి జాడ: పటమా, మునకా?

తిరుపతి పక్కనున్న రేణిగుంటలో పాత రాతియుగపు చివరి దశ పనిముట్లు దొరికాయి. అక్కడ వెతకడమంటే తల వంచుకుని నడవడమే. వేలెడంత రాతి పెచ్చు అంచు పదునుగా కనిపిస్తే ఆగాలి. మరి ఆ నేల సముద్రం కింద ఉంటే? సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువ. తర్వాత అది పెరగడంతో నాటి తీరమైదానాలన్నీ నీటిపాలయ్యాయి.

ఓడ మీది నుంచి ధ్వని తరంగాలు పంపి అడుగు పొరల పటం గీయడం ఒక దారి. బ్రిటన్‌కు తూర్పునున్న ఉత్తర సముద్రంలో మునిగిన డాగర్‌ల్యాండ్ అనే ఒకనాటి నేల మీది నదులను, లోయలను గుర్తించింది ఇలాగే, అదీ చమురు అన్వేషణకు సేకరించిన సమాచారంతో! పటంలో నది కనిపిస్తుంది. దాని ఒడ్డున చేపలు కాల్చుకున్న మనిషి కనిపించడు.

రెండోది, మనిషే మునగడం. ఇంగ్లండ్‌లోని వైట్ ద్వీపం దగ్గర, 11 మీటర్ల లోతున ఉన్న బౌల్డ్‌నర్ క్లిఫ్‌లో, ఒక లాబ్‌స్టర్ బొరియలోంచి బయటికి తోసిన, మనిషి చెక్కిన చెకుముకి రాళ్లే డైవర్లకు దారి చూపాయి. అక్కడ సుమారు 8,000 ఏళ్ల నాటి చెక్క కూడా దొరికింది. గాలి సోకని బురద దాన్ని కుళ్లనివ్వలేదు. మన ఎర్రనేలలో అయితే ఏనాడో చెదలపాలయ్యేది.

అందుకే నా మొగ్గు మునకకే. కాకపోతే పటం లేకుండా దూకడం చీకట్లో రాయి విసరడమే, పైగా లోతు పెరిగేకొద్దీ డైవర్‌కు అడుగున దక్కేది నిమిషాలే.