పడమటి ఎండలో సబ్లిమేషన్ బోర్డు: నాలుగేళ్ల వాడకం తర్వాత

2021 ఫిబ్రవరిలో అనంతపురంలోని మా వకీలు ఆఫీసుకు ఒకే డిజైనుతో రెండు సబ్లిమేషన్ బోర్డులు, అంటే వేడితో రంగును రేకు పూతలోకి ఇంకించి ముద్రించే పేరు బోర్డులు, చేయించాను. లేత పసుపు నేపథ్యం, మెరూన్ అంచు, నల్ల అక్షరాలు. ఒకటి పడమర చూసే గేటుకు, రెండవది వరండాలో ఎండ సోకని గోడకు బిగించాము.

ముద్రణలో లోపం చెప్పలేను. దాదాపు 200 డిగ్రీల వేడిలో రంగు ఆవిరై అల్యూమినియం రేకు మీది పాలిస్టర్ పూతలోకి ఇంకుతుంది కాబట్టి, గోటితో గీకినా, తడిగుడ్డతో ఎన్నిసార్లు తుడిచినా అక్షరం చెదరలేదు. ఆషాఢపు దుమ్ముగాలికీ, వానకూ పూత లేవలేదు. ఎండ సంగతి మాత్రం వేరు. లోపలికి ఇంకినంత మాత్రాన రంగుకు రక్షణ దొరకదు. అతినీలలోహిత కిరణాలు పూతను దాటుకొని వెళ్లి రంగు అణువులనే విరగ్గొడతాయి.

మొదటి వేసవిలో తేడా కనిపించలేదు. రెండవ వేసవి ముగిసేసరికి మెరూన్ ఇటుకపొడి రంగుకు దిగింది, పసుపు దాదాపు తెల్లబడింది. మూడవ ఏడు నలుపు గోధుమరంగుకు తిరిగింది. సన్నగా వేయించిన ఫోన్ నంబరులో 8 కాస్తా 3లా కనిపించడంతో, ఆఫీసు మూసి ఉన్న రోజు వచ్చిన కక్షిదారు ఒకాయన ఎవరికో ఫోన్ చేసి చీవాట్లు తిన్నారు. బోర్డు విప్పి చూస్తే, నాలుగు మూలలా వాషర్ల కింద రూపాయి బిళ్లంత మేర మెరూన్ మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వరండాలోని బోర్డు కూడా అంతే.

మధ్యలో ఒకసారి పారదర్శకమైన లక్క స్ప్రే చేయించాను. అది ఏడాది తిరగకముందే పొలుసులుగా లేచి, ఉన్న అందాన్నీ చెడగొట్టింది. అయిదేళ్ల గ్యారంటీ అని చెప్పిన దుకాణంవారిని అడిగితే, అది రేకుకే గాని రంగుకు కాదన్నారు. రసీదులో గ్యారంటీ ముక్కే లేదు. పదిమందికి రాతకోతలు సరిచూసిపెట్టే నేను ఆ రసీదును చదవకుండానే జేబులో పెట్టుకున్నాను.

నీడపట్టున ఉండే గోడకైతే ఈ బోర్డును నిస్సంకోచంగా చేయించుకోవచ్చు. ఆరుబయటికే కావాలంటే, బయటి వాడకం కోసం తయారైన పూత ఉన్న రేకునే అడిగి, రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో రసీదు మీద రాయించుకోవాలి. సన్నని అక్షరాలు వద్దు. మా గేటుకు మాత్రం ఇప్పుడు తాడిపత్రి బండ మీద పేరు చెక్కించి, గాళ్లలో ఎనామిల్ నింపించాను.