యూఎస్‌బీ స్పీకర్ల జత: దేనికి చాలు, ఎక్కడ చేతులెత్తేస్తుంది

రెండు చిన్న పెట్టెలు, కరెంటుకు ఒక యూఎస్‌బీ ప్లగ్, సౌండ్‌కు ఒక 3.5 మి.మీ. పిన్ను. తక్కువ ఖర్చులో కంప్యూటర్ స్పీకర్లంటే ఎక్కువమంది కొనేది ఈ రకమే. దీన్ని ఎంచుకునేటప్పుడు అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించే వాట్ల అంకెను మాత్రం నమ్మకండి. కరెంటంతా పోర్టు నుంచే రావాలి కదా. యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపులు, అంటే రెండున్నర వాట్లు. 3.0 పోర్టయితే 900 మిల్లీయాంపులు, నాలుగున్నర వాట్లు. అందులోంచే రెండు వైపులా నడవాలి. ఇక అట్టపెట్టె మీద రాసే 20 వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ పవర్ అని ఉన్న అంకె ప్రకటన కోసం వేసినది. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల పవర్ అని ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

అలాగని రెండు వాట్లు తక్కువేం కాదు. చేయి చాచినంత దూరంలో కూర్చుని వినేవాళ్లకు ఒక్కో వైపు ఒక వాటు వచ్చినా ధారాళం. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కాస్త తేడాగా తెలుస్తుందంతే. ఆన్‌లైన్ క్లాసులు, మీటింగులు, వార్తలు, సినిమా డైలాగులకు ఈ జత హాయిగా సరిపోతుంది. పాటల దగ్గరే అసలు రంగు బయటపడుతుంది. రెండంగుళాల కోన్‌కు (స్పీకర్ ముందు కదిలే గిన్నెలాంటి పొర) బేస్, అంటే లోతైన మోత పలికించే శక్తి ఉండదు. మృదంగం ఎడమవైపు మోత, బేస్ గిటార్ దాదాపు వినపడవు. ఆ లోటు తీర్చడానికి కొన్నింటికి పక్కనో వెనకో ప్యాసివ్ రేడియేటర్ పెడతారు, అంటే కరెంటు లేకుండా పెట్టెలోని గాలి ఒత్తిడికే కదిలే బిళ్ల. అది నిజమైనదో, అలంకారమో తేల్చుకోవాలంటే దాన్ని వేలితో మెల్లగా నొక్కండి. పెట్టె గాలి చొరకుండా మూసి ఉంటే ముందున్న కోన్ కొద్దిగా బయటికి వస్తుంది. కదలకపోతే అది ఉత్త బిళ్ల, లేదా పెట్టెలో ఎక్కడో గాలి పోతోంది.

బేస్ కావాలని ఇదే ఖర్చులో సబ్ వూఫర్ ఉన్న 2.1 సెట్టుకు వెళ్లడం నా దృష్టిలో పొరపాటు. డబ్బంతా ఆ పెద్ద పెట్టెకే పోయి, పక్క స్పీకర్లు అగ్గిపెట్టెల్లా మిగులుతాయి. ఏ పాటకైనా ఒకటే 'దుమ్ దుమ్'. పాటలే ముఖ్యమనుకుంటే సొంత అడాప్టర్‌తో నడిచే 2.0 జత, అంటే సబ్ వూఫర్ లేని రెండు పెట్టెల సెట్టు మేలు. వాల్యూమ్ నాబ్, హెడ్‌ఫోన్ సాకెట్ ముందువైపున్నవి చూసుకోండి. రెండు పెట్టెల మధ్య వైరు కనీసం మీటరైనా లేకపోతే మానిటర్‌కు చెరోవైపు పెట్టడానికి అందదు.

ఇక రిపేర్ల సంగతి. పాడైపోయాయని పక్కన పడేసే స్పీకర్లలో చాలావాటికి జబ్బు బయటే ఉంటుంది. అందుకే మొదట పిన్నును ఫోన్‌కో, వేరే ప్లేయర్‌కో గుచ్చి చూడండి. అక్కడ బాగా మోగితే తప్పు కంప్యూటర్‌దే. హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించగానే విండోస్ సౌండ్‌ను దానికి మళ్లించేస్తుంటుంది. సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ డివైస్ మార్చితే చాలు. డెస్క్‌టాప్‌కైతే పిన్ను ఉండాల్సింది ఆకుపచ్చ సాకెట్‌లో, గులాబీది మైక్‌కు.

ఒక విచిత్రమైన లోపం ఉంది. వాద్యాలన్నీ వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది, లేదా అసలే ఉండదు. ఇది పిన్ను మొదట్లో, వైరు వైపు ఉండే గ్రౌండ్ (కుడి, ఎడమలు రెండింటికీ ఉమ్మడిగా ఉండే తిరుగుదారి) కాంటాక్ట్ తెగిన గుర్తు. గ్రౌండ్ లేనప్పుడు కుడి, ఎడమల మధ్య తేడా మాత్రమే స్పీకర్లకు చేరుతుంది. గొంతును రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి అది కొట్టుకుపోతుంది. పిన్నును టక్కుమనేదాకా లోపలికి నొక్కండి. అప్పటికీ గొంతు రాకపోతే వైరును పిన్ను దగ్గర వంచి చూడండి. ఒక వంపులో గొంతు తిరిగొస్తే వైరు అక్కడే తెగింది, ఆ ముక్క కోసేసి కొత్త పిన్ను టంకం వేస్తే సరి.

ఎక్కువమందిని విసిగించేది సన్నని కీచు శబ్దం. మౌస్ కదిపినప్పుడల్లా, పేజీ జరిపినప్పుడల్లా అదీ మారుతుంటుంది. కరెంటూ సౌండూ ఒకే కంప్యూటర్ నుంచి రెండు వైర్లలో వచ్చినప్పుడు గ్రౌండ్ దారి చుట్టలా మూసుకుపోతుంది, లోపలి రొదంతా ఆ చుట్టలో పడి స్పీకర్‌లోకి వస్తుంది. యూఎస్‌బీ ప్లగ్‌ను కంప్యూటర్ నుంచి తీసి ఫోన్ ఛార్జర్‌కు పెట్టి చూడండి. కీచు ఆగితే అలాగే వదిలేయొచ్చు. ఛార్జర్ పెడితే గుయ్‌మనే హమ్ మొదలైతే పిన్నుకూ కంప్యూటర్‌కూ మధ్య గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వేయండి. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, వైర్ల మధ్య నేరుగా కలయిక లేకుండా సౌండ్‌ను దాటిస్తాయి. ఐసోలేటర్ నాసిరకందైతే స్పీకర్లకున్న కాస్త బేస్ కూడా తగ్గుతుంది. పిన్ను పీకేసినా వినిపించే 'స్‌స్‌' మాత్రం యాంప్లిఫయర్ సొంత రొద, ఐసోలేటర్‌తో పోదు. దానికి విండోస్‌లో వాల్యూమ్ 80, 90 దగ్గర ఉంచి నాబ్‌ను తగ్గించుకుంటే చాలావరకు అణిగిపోతుంది.

నాబ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరలాడితే లోపల దుమ్ము. ప్లగ్ తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ చిన్న చిమ్ము కొట్టి, ఆ చివర్నుంచి ఈ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పి, పూర్తిగా ఆరాక పెట్టండి. కొబ్బరినూనె, మెషిన్ ఆయిల్ వద్దు, వాటికి దుమ్ము ఇంకా అంటుకుంటుంది. అదే గరగర ఒక్క పెట్టెలోనే, ఏ ప్లేయర్‌కు పెట్టినా, కోన్‌ను వేలితో నొక్కినప్పుడు కూడా వినిపిస్తే లోపల కాయిల్ (కోన్ వెనకుండే తీగచుట్ట) రాసుకుంటోంది. ఈ ధరలో దాన్ని విప్పి బాగుచేయించడం దండగ.