ఉసిరి రసమా, మునగాకు పొడా, పసుపు మాత్రా: ఏది మేలు?

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చేవారి కోసం రకరకాల ఆకుల రసాలు, కాయల రసాలు అమ్మే బండ్లు ఉంటాయి. నడక ముగించి ఇంటికి వెళ్లే దారిలో మందుల దుకాణంలో అడిగితే అవే మొక్కల సారం మాత్రల రూపంలోనూ దొరుకుతుంది. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ చెప్పే కారణం ఒక్కటే: యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఒంట్లోని కణాలను ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడతాయని చెప్పే పదార్థాలు. ఎక్కువగా వినబడే మూడింటిని, అంటే ఉసిరిని, మునగాకును, పసుపును పక్కపక్కన పెట్టి చూడాలంటే ముందుగా ఆ మాటను దేనితో కొలుస్తున్నారో తెలుసుకోవాలి.

ఫార్మసీ కళాశాలల్లో తరచుగా చేసే పరీక్ష పేరు డీపీపీహెచ్. ముదురు ఊదారంగు ద్రావణంలో మొక్క సారాన్ని కలిపి అరగంట చీకట్లో ఉంచితే రంగు వెలిసి పసుపుపచ్చగా మారుతుంది. 517 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ ఎంత తగ్గిందో చూసి ఆ సారం బలాన్ని లెక్క కడతారు. ఫలితం కంటికి కనబడుతుంది కాబట్టి విద్యార్థులకు ఇది ఇష్టమైన ప్రయోగం. అయితే ఆ గాజు గొట్టంలో పేగులూ లేవు, కాలేయమూ లేదు. పైగా ఒకే ఆకును నీటిలో నానబెడితే ఒక అంకె, ఆల్కహాలులో నానబెడితే మరొక అంకె వస్తుంది. ఆహార పదార్థాలకు ఇలాంటి పరీక్షతోనే ఇచ్చిన ఓరాక్ విలువల (యాంటీ ఆక్సిడెంట్ బలాన్ని చెప్పే అంకెల) పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఉపసంహరించుకుంది. ఆ అంకెలకూ శరీరంలో జరిగేదానికీ పొత్తు కుదరకపోవడమే అందుకు కారణం. కాబట్టి సీసా మీద ముద్రించిన బలాన్ని పక్కన పెట్టి, లోపలికి వెళ్లాక ఏమవుతుందో చూడడమే న్యాయం.

ఉసిరి సంగతి తేలిక. వంద గ్రాముల పెద్ద ఉసిరిలో విటమిన్ సి సుమారు 250 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం రోజుకు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు సరిపోతాయి. అంటే ఒక మంచి కాయ నమిలితే ఆ రోజు అవసరం దాదాపు తీరినట్టే. గ్లాసుడు రసం తాగితే మిగిలినదంతా మూత్రంలో పోతుంది, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారికి అది మంచిది కూడా కాదు. విటమిన్ సి నీటిలో కరుగుతుంది కనుక దానికి ఏ సారమూ తీయనక్కరలేదు. వేడికి, గాలికి మాత్రం తగ్గుతుంది. వగరు నచ్చనివారు ముక్క మీద ఉప్పు చల్లుకోవచ్చు.

మునగాకు దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఆషాఢంలో చేసే తెలగపిండి మునగాకు కూరలో చాలా తెలివి దాగి ఉంది. ఈ ఆకులో క్వెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయని ప్రయోగశాలలు చెబుతాయి. ఇంటికి అంతకంటే పనికివచ్చేవి ఇందులోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం), కాల్షియం, ఇనుము. బీటా కెరోటిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటబడుతుంది. నూనె తీసిన నువ్వుల పిండిలో మిగిలిన నూనె, తాలింపు నూనె ఆ పని చేస్తాయి. ఆకులోని ఇనుము మాత్రం ఒంటరిగా సరిగా ఇంకదు, పక్కన విటమిన్ సి ఉంటే బాగా ఇంకుతుంది. అన్నంలో మునగాకు కూర, పక్కన ఉసిరి ముక్క ఉన్న భోజనం ఈ రెండింటినీ విడివిడిగా కొనడం కంటే మేలైనది. పొడి చేసుకునేవారు ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి. సముద్రపు తేమ ఉన్న మన ఊళ్లో డబ్బా మూత వదులైతే చాలు, బూజు పట్టేస్తుంది.

పసుపు కథ వేరు. పసుపుకు రంగునిచ్చే, మాత్రల్లో వాడే పదార్థం కర్క్యుమిన్; కొమ్ములో అది ఉండేది కేవలం కొద్ది శాతం. అది నీటిలో దాదాపు కరగదు, మింగినా రక్తంలోకి చేరేది బహు స్వల్పం. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల మిరియాల సారం పైపెరిన్ ఇచ్చి చూస్తే మనుషుల్లో శోషణ 2000 శాతం పెరిగింది. మాత్రల తయారీదారులు ఈ అంకెను గొప్పగా చెబుతారు. కానీ ఒంటికి పట్టే మోతాదు అంతగా పెరిగితే కాలేయానికి కూడా అంతే చేరుతుంది. ఇటలీలోనూ అమెరికాలోనూ ఇలాంటి పసుపు మాత్రలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్యులు నమోదు చేశారు. పప్పులో, పాలలో చిటికెడు వేసుకునే పసుపుకు ఈ భయం లేదు. పాడేరు వైపు నుంచి వచ్చే కొమ్ములు కొని మరలో ఆడించుకుంటే కల్తీ రంగుల బెడదా తప్పుతుంది.

మాత్ర రూపంలో సారం వాడడంపై అనుమానానికి పాత ఆధారం మరొకటి ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29,133 మందిని చేర్చుకుని చేసిన అధ్యయనంలో రోజూ బీటా కెరోటిన్ మాత్ర తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. కాపాడుతుందని ఇచ్చినది కీడు చేసింది.

అందుకే నా వరుస ఇది: మొదట కూరగా మునగాకు, దాని తోడుగా కార్తీకం నుంచి చలికాలమంతా దొరికే పచ్చి ఉసిరి, వంటలో ఎప్పటిలాగే పసుపు. కాయలు దొరకని నెలల్లో ఎండబెట్టిన ఉసిరి వాడుకోవచ్చు, దానిలో సి తక్కువే అయినా వగరునిచ్చే టానిన్లు మిగులుతాయి. పసుపు మాత్ర నా పట్టికలో లేదు. కీళ్లనొప్పులకు ఎవరైనా వాడదలిస్తే వైద్యుడికి చెప్పి, మధ్యమధ్య కాలేయ పరీక్ష చేయించుకుని వాడాలి. రక్తం పలచబడేందుకు వార్‌ఫరిన్ తీసుకునేవారు మునగాకునూ ఒక్కసారిగా పెంచకూడదు, దానిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది.