బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బాక్సులు ఏ షాపుల పెడితే మేలు: షోరూమా, సర్వీస్ షాపా, కాంటాల షాపా?

ఎరువులు, విత్తనాల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బాక్సుల పెట్టి అమ్ముతున్నం, లోపట పెన్‌డ్రైవ్, సాఫ్ట్‌వేర్ తెరిచే కోడ్ ఉన్న కీ కార్డు, తెలుగుల చిన్న పుస్తకం ఉంటయి. డౌన్‌లోడ్ లింక్ పంపితే సరిపోదా అని మస్తుమంది అడిగిన్రు, గని పరకాల, నర్సంపేట దిక్కు షాపాయనకు పైసలిచ్చినంక చేతిల ఒక వస్తువు పడాలె, అప్పుడే నమ్మకం.

ముందుగాల హన్మకొండల ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూంల పెట్టినం. ర్యాక్ మంచిగుంటది, లైట్లుంటయి, కాని ఆడికొచ్చేది పిల్లగానికి లాప్‌టాప్ కొనేటోళ్లు, ఫోన్ ఈఎంఐల తీసుకునేటోళ్లు, యూరియా అమ్మేటాయనకు ఆడ ఏం పని? సేల్స్ పిల్లలు కూడ ఎక్కువ రోజులు నిలువరు, ఒకలికి నేర్పేలోపు ఇంకొకలు వస్తరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారి మైక్రోన్యూట్రియెంట్లు (సూక్ష్మ పోషకాల ఎరువులు) 12 శాతం నుంచి 5కు దిగినయి గద, ర్యాక్ మీదున్న బాక్సులన్ని పాత రేట్లవి, కొన్నాయనకు ముందు అప్‌డేట్ చేసుకో అని చెప్పేటోడే లేడు. నాకు బాగ బాధనిపించింది, తప్పు బిల్లు పోతే ఇబ్బంది పడేది ఆయనే.

కంప్యూటర్ సర్వీస్ షాపుల బాక్సు పాత మానిటర్ల నడుమ ఉంటది, చూపుకు ఏం ఆనదు. అయినా ప్రింటర్ కలిపేది, విండోస్ ఎక్కించేది ఆయనే, "అన్నా, బిల్లు వస్తలేదు" అని ఫోన్ పోయేది కూడ ఆయనకే. ఇన్‌స్టలేషన్ పైసలు మొత్తం ఆయనకే విడిచిపెట్టినం, బాక్సు మీద మార్జిన్ తక్కువైనా ఒప్పుకున్నడు. ఒక్కటి చూసుకోవాలె, క్రాక్, అంటే పైసలు కట్టని దొంగ కాపీ, ఎక్కించి ఇచ్చే షాపుల మాత్రం పెట్టొద్దు, ఆడ అసలు బాక్సు ఎన్నటికీ కదలదు.

కాంటాల షాపు ఎవరికీ యాదికి రాదు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికలు కొలతలోళ్ల స్టాంపింగ్ ఉండాలె, ఎరువుల షాపోళ్లల్ల పత్తి, మిర్చి కొనేటోళ్లు కూడ ఉంటరు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తోళ్లు సరే సరి, అందరు ఆ గడప తొక్కేటోళ్లే. ఏండ్ల సంది తెలిసిన మనిషి చెప్తే వింటరు. కాకపోతే ఆయనకు కంప్యూటర్ తెల్వది, అందుకే బాక్సులు ఇయ్యకుంట, గిరాకీ పంపితే కమీషన్ ఇస్తున్నం.

ఒక్కటే పట్టుకోమంటే నేనైతే సర్వీస్ షాపే అంట. మే నెలల్నే పెట్టాలె, వానాకాలం విత్తనాల గిరాకీ మొదలైనంక షాపాయనకు నేర్చుకునే టైమ్ ఉండదు. ఒక్కో షాపుకు అయిదు బాక్సులు చాలు, ఉద్దెరకు ఇయ్యొద్దు, అమ్ముడుపోనివి మాత్రం మారు మాట్లాడకుంట వాపసు తీసుకోవాలె.