చాంబర్‌లో గార: చవక బోర్‌స్కోప్‌తో నా మూడేళ్ళు

నాది పాయింట్ టూటూ రైఫిల్. చెన్నైలో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చడం) కొడతాను. మూడేళ్ళ కిందట, మే నెలలో ఉన్నట్టుండి షాట్లు చెదరడం మొదలైంది. ఆ దూరంలో పది రింగు అడ్డం కొలత 10.4 మిల్లీమీటర్లే. పది షాట్లలో ఒకటి ఎనిమిదిలోకి పోతుంటే ఇంక స్కోరేముంటుంది? తూటాల లాట్ (ఒకే విడతలో తయారైనవి) మార్చాను, సైట్ స్క్రూలు బిగించాను, బ్యారెల్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. పక్క లేన్‌లో కొట్టే నెల్లూరు పెద్దాయన టార్గెట్ వైపు చూడనేలేదు, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనక మూసే కడ్డీ) మూస్తున్న నా చేతిని చూశాడు. "ఏందబ్బా, బోల్ట్‌ని అట్టా అరచేత్తో నెడతన్నావే? చాంబర్ చూసుకున్నావా?"

చాంబర్ అంటే బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చోటు. అప్పుడు కొన్నదే ఈ బోర్‌స్కోప్, గొట్టం లోపల చూసే సన్నటి కెమెరా. ఫోన్‌కి తగిలించే చవక రకం. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసి, వెనక నుంచి దూర్చాను. డొల్ల (గుండునీ మందునీ పట్టి ఉంచే గొట్టం) మూతి ఆగే చోటుకి కాస్త ముందు, పళ్ళ వెనక పట్టే గారలాగా నల్లటి కంకణం! ఈ తూటాల్లో సీసపు గుండుకి మైనం పూత ఉంటుంది. ఆ మైనం, కాలిన మందు మసి, సీసం కలిసి అక్కడే పేరుకుంటాయి, షాట్ల వేడికి గట్టిపడతాయి. గుండు దాన్ని ఒరుసుకుంటూ ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ నేను చెమటోడ్చి తోమిన బ్యారెల్ నడిమి భాగం మాత్రం అద్దంలా ఉంది.

కాల్చకుండా బయటికి తీసిన తూటా మీద గీతలు పడగానే గార అనుకోకండి. మ్యాచ్ చాంబర్లు బిగువుగా ఉంటాయి, గుండు మీద రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) గుర్తులు పడడం వాటికి మామూలే. శుభ్రం చేసిన రోజు బోల్ట్ ఎంత తేలిగ్గా మూసుకుందో చేతికి గుర్తుండాలి. షాట్లు పెరిగేకొద్దీ చివర్లో జిగురుగా పట్టేస్తే అది గారే.

స్కోప్‌తో తిప్పలు లేకపోలేదు. చిన్న అద్దానికి నూనె అంటితే అంతా మసకే. రెండో ఏడు వైరు వదులైంది, టేపు చుట్టి నడిపిస్తున్నాను. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, ఫ్యాక్టరీలో పడ్డ గీత కూడా తెర మీద లోయలా కనిపించడం. మొదటి వారం నాకు సరిగ్గా నిద్ర లేదు.

ఇప్పుడు 200 షాట్లకోసారి బోర్ గైడ్ (కడ్డీ పక్కకు ఒరగకుండా పట్టే గొట్టం) పెట్టి, సాల్వెంట్‌లో (మసి కరిగించే ద్రవం) తడిపిన ప్యాచ్‌తో (గుడ్డముక్క) చాంబర్ తడిపి పది నిమిషాలు వదిలేస్తాను. తర్వాత కంచు బ్రష్‌ను అక్కడే మెల్లగా తిప్పి, మసి రాకుండా పోయేదాకా పొడి ప్యాచ్‌లు. సీసం కదా, చేతులు సబ్బుతో కడగాల్సిందే. శుభ్రం చేశాక మొదటి పది పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోను. తూటాల డబ్బా ఎండలో కారులో వదలడం మానేశాను. మైనం మెత్తబడితే దుమ్ము అంటుకుని నేరుగా చాంబర్‌లోకే పోతుంది.

పెద్దాయన నా ఫోన్ తెర ఇప్పటికీ చూడడు. పోయిన నెల నా బోల్ట్ ఒకసారి మూసి, "పేరుకుందబ్బా" అన్నాడు. ఇంటికొచ్చి స్కోప్ పెట్టాను. పేరుకుంది.