పాత ట్రావెలర్ క్యాంపర్: ఇంజిన్ కంటే ఇల్లే ఎక్కువ సతాయించింది

పాత బండిని క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని వండుకునే బండిగా వాడుతున్నానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఇంజిన్ గురించే. మధ్యలో ఆగిపోదా, స్పేర్లు దొరుకుతాయా, మైలేజ్ ఎంత? హనుమకొండలో ఉంటూ ఏళ్ల తరబడి దీన్ని లక్నవరం, తాడ్వాయి, కాళేశ్వరం, ఆదిలాబాద్ దాకా తిప్పాను కాబట్టి చెబుతున్నా, ఇంజిన్ గురించి మీరు పడే టెన్షన్‌లో సగం కూడా అక్కర్లేదు. ఆ టెన్షనంతా డ్రైవర్ సీటు వెనక ఉన్న దాని మీద పెట్టండి.

బండి టెంపో ట్రావెలర్. పెళ్లిళ్లకీ తిరుపతి మొక్కులకీ మనమంతా ఎక్కిన బండే. ఆర్సీలో ఇంకా బజాజ్ టెంపో అనే ఉంది. ఆ కంపెనీ ఫోర్స్ మోటార్స్ అయింది 2005లో. లోపల ఉన్నది మెర్సిడెస్ ఓఎం616 వంశానికి చెందిన 2,399 సీసీ డీజిల్ ఇంజిన్. ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే పంపు మెకానికల్, వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పేది టైమింగ్ చైను. కంప్యూటర్ లేదు, కాబట్టి స్కానర్ పెట్టేవాడి కోసం వెతుక్కునే పనీ లేదు. ములుగులోనో మంథనిలోనో రోడ్డు పక్క షెడ్డులో పానాలు పట్టుకున్న ఏ అన్నకైనా దీని సంగతి తెలుసు. వేగం మాత్రం ఆశించొద్దు. ఎదురుగాలి ఉంటే వెనకొచ్చిన లారీ కూడా హారన్ కొట్టి దాటిపోతుంది.

ఇంజిన్ వైపు నన్ను నిజంగా ఏడిపించింది ఒకటే. రాత్రి వాలులో ఆపితే పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకునేది, కాసేపటికే దగ్గి ఆగిపోయేది. ఆ తర్వాత ఎంత కొట్టినా లేచేది కాదు. కింద చూస్తే ఎక్కడా డీజిల్ చుక్క లేదు. ఒక మెకానిక్ పంపు ఓవర్‌హాల్ అన్నాడు, ఇంకొకాయన ఇంజెక్టర్లన్నాడు. రెండూ బాగా ఖర్చుతో కూడిన జవాబులే. తాడ్వాయి అడవిలో ఆగిపోయినప్పుడు ఒక లారీ డ్రైవర్ దిగొచ్చి, బోనెట్‌లోకి తలపెట్టి, "పంపు జోలికి పోకు తమ్మీ, ఎక్కడ్నో గాలి గుంజుతున్నది" అని తేల్చేశాడు.

ఆయన మాటే నిజమైంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్ దానంతటది రాదు, పంపు లాగితేనే వస్తుంది. ఆ రబ్బరు పైపుకి సన్నటి పగులు పడితే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కింద తడి కనిపించదు. ఇంటికొచ్చాక ఫీడ్ పంపు ముందు జానెడు తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్క తగిలించి ఇంజిన్ నడిపిస్తే, ఆవగింజంత బుడగలు వరసకట్టి పోవడం కళ్లారా కనిపించింది. పాత పైపు ట్యాంకు దగ్గర క్లిప్పు కిందే పగిలి ఉంది. పైపుకీ రెండు క్లిప్పులకీ అయిన ఖర్చు ఆ రోజు తాగిన టీలకంటే కాస్త ఎక్కువ, అంతే.

గాలి తీయడం మాత్రం ఎవరికి వాళ్లు నేర్చుకోవాల్సిందే. డీజిల్ ఫిల్టర్ మీదున్న బోల్టు కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపుకుండే చేతి పంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలతో డీజిల్, ఆఖరికి బుడగ లేని ధార. ధార వస్తున్నప్పుడే బోల్టు బిగించాలి. కొట్టడం ఆపేశాక బిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

వేడెక్కడం రెండో సమస్య. దీనికి మన ప్రాంతపు కారణాలే ఉన్నాయి. ఎనుమాముల మార్కెట్‌కి పత్తి బండ్లు వచ్చే కాలంలో గాల్లో తేలే దూది, వరికోతలప్పుడు హార్వెస్టర్లు లేపే పొట్టు, రెండూ రేడియేటర్ రెక్కల మధ్య చేరతాయి. చలికాలమంతా ఏమీ తెలియదు. మార్చి దాటాక చిన్న ఎత్తు ఎక్కినా టెంపరేచర్ సూది పైకి పాకుతుంది. నీళ్ల పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కడగాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది, ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగుతాయి. లోపల పోసే నీళ్లు కూడా చూసుకోవాలి. బోరు నీళ్లు పోస్తే ఉప్పు గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ చెరి సగం పోస్తాను.

బండి వేడెక్కుతోందనగానే మన దగ్గర మెకానిక్‌లు ఇచ్చే మొదటి సలహా "థర్మోస్టాట్ పీకేద్దాం సార్" అని. ఈ ఇంజిన్‌లో ఆ పని అస్సలు చేయించొద్దు. థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు. ఇందులో అది రేడియేటర్ దారి తెరిచేటప్పుడే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండానే అడ్డదారిన తిరిగి ఇంజిన్‌లోకి వస్తుంది. అంటే ఎండాకాలం చల్లబడాల్సినంత చల్లబడదు, చలికాలం వేడెక్కాల్సినంత త్వరగా వేడెక్కదు. నేను కొన్నప్పుడు నా బండిలో థర్మోస్టాట్ లేనే లేదు. కొత్తది వేయించాక సూది చాలావరకు దారికొచ్చింది.

చలి సంగతి హనుమకొండలో పెద్దగా తెలియదు, ఆదిలాబాద్‌లో డిసెంబర్ పొద్దున తెలుస్తుంది. సెల్ఫ్ తిరుగుతుంది, తెల్ల పొగ వస్తుంది, ఇంజిన్ అందుకోదు. స్టార్ట్ చేసేముందు సిలిండర్ల లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు పోయాయని అర్థం. ఒక్కో ప్లగ్గు వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి చిన్న బల్బు ద్వారా ప్లగ్గుకి ఆనిస్తే, ప్లగ్గు బాగుంటే బల్బు వెలుగుతుంది. వెలగనివి మార్చాలి. అక్కడికి పోయే దారిలో నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేర్ వాడతారో దిగడానికీ అదే వాడండి. నీళ్లు, గ్యాసు, మంచాలు నింపుకున్న బండి బరువంతా బ్రేకుల మీదే వేస్తే కాలిన వాసన వస్తుంది. క్యాంపర్ ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది కాబట్టి టైర్లు అరగకముందే ముసలివవుతాయి. అరగని గుండీలు చూసి మోసపోకుండా టైరు పక్కగోడ మీదుండే తయారీ తేదీ నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని.

ఇక వెనక సగం. ఇక్కడ మెకానిక్ అంటూ ఉండడు. ఇంజిన్ మెకానిక్ "అది కార్పెంటర్ పని సార్" అంటాడు, కార్పెంటర్ ఎలక్ట్రీషియన్ పేరు చెబుతాడు, ఇళ్ల ఎలక్ట్రీషియన్‌కి 12 వోల్టులంటే బొమ్మలాట. చివరికి ఆ పనులన్నీ మన నెత్తినే పడతాయి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి బండి కురవడం. పాత ఓనర్ దీన్ని క్యాంపర్‌గా కట్టించిన షాపువాళ్లు సోలార్ ప్యానెల్‌కీ ఫ్యానుకీ టాపు మీద బెజ్జాలు కొట్టి, ప్రతిదాని చుట్టూ బాత్‌రూముల్లో వాడే తెల్ల సిలికాన్ పూసి వదిలేశారు. కొన్నాళ్లకి అది ఎండకి అంచులు లేచిపోయింది. పాత పెంకుటింట్లో లాగే నీళ్లు ఒకచోట దిగి ఇంకోచోట కారతాయి. బొగత జలపాతానికి పోయినప్పుడు రాత్రంతా వంటగట్టు మూల చుక్కలు పడ్డాయి. పొద్దున ఆ మూల పైనంతా తడిమినా ఒక్క బెజ్జం దొరకలేదు. అసలు దారి వెనక చివర, సోలార్ బ్రాకెట్ కింద. బండి ముందుకు వాలి ఉండటంతో నీళ్లు లోపలి చెక్క పట్టీ వెంట ముందుదాకా నడిచొచ్చాయి.

కనిపెట్టడానికి నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. బండిని సమంగా నిలపాలి. లోపల ఒకరు టార్చ్ పట్టుకుని కూర్చోవాలి, బయట ఒకరు పైపుతో నీళ్లు పోయాలి. అదీ కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కో భాగం తడుపుతూ, కాసేపు ఆగి పైకి రావాలి. మొదటే టాపు మీద పోస్తే నీళ్లు అన్నిచోట్లా పారి ఏది ఎక్కడ దిగిందో తెలియదు. మా ఇంట్లో లోపల కూర్చునే డ్యూటీ నా భార్యది. "ఇగో, ఇక్కడ మెరుస్తుంది" అని ఆమె అన్న చోటు నేను అనుకున్నదానికి మూడడుగుల దూరంలో ఉంది.

దొరికాక పైపైన ఇంకో పొర సిలికాన్ పూస్తే లాభం లేదు. పాత సిలికాన్ మీద కొత్త సిలికానే సరిగ్గా అతకదు, వేరే సీలెంట్ అసలే అతకదు. బ్రాకెట్ విప్పి, పాతదంతా గీకి, తుప్పు రుద్ది ప్రైమర్ వేసి, కింద బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు టేపు) పరిచి బిగించి, అంచులకి పాలియురెథేన్ సీలెంట్ పెట్టాం. విసుగు పుట్టే పని. గీకడానికే ఒక ఆదివారం పోయింది. అప్పటికే లోపలి ప్లైవుడ్ ఉబ్బి, వేలితో నొక్కితే బిస్కెట్టులా దిగిపోయింది, ఆ ముక్కంతా కోసి మార్చాల్సి వచ్చింది.

తర్వాత కరెంటు. నీళ్ల పంపు ఆన్ చేస్తే లైట్లు మసకబారేవి. బ్యాటరీ పోయిందని అందరూ అన్నారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే, పంపు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, పంపు దగ్గర 10.9. మధ్యలో ఒకటిన్నర వోల్టు వైరే మింగేస్తోంది. 60 వాట్ల వస్తువు ఇంట్లో 230 వోల్టుల మీద పావు ఆంపియర్ తీసుకుంటే, 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. ఆ సంగతి పట్టించుకోకుండా ఇళ్లలో లైట్లకి వేసే సన్నటి వైరు వేసి, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టారు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, వైరు చివర్లకి లోహపు లగ్గులు తొడిగి నొక్కించి క్రింప్ చేయిస్తే నష్టం చాలా తగ్గింది. లైట్లు ఇప్పుడు కన్ను కొట్టవు. ఫ్యూజు కూడా బ్యాటరీ ప్లస్‌కి దగ్గర్లోనే ఉండాలి. నా బండిలో అది అవతలి చివర ఉండేది. మధ్యలో ఎక్కడైనా వైరు రాసుకుని షార్ట్ అయితే ఆ ఫ్యూజు ఉండీ లేనట్టే.

బ్యాటరీ మామూలు ఇన్వర్టర్ ట్యూబులరే. లిథియం తేలిక, మన్నిక కూడా, కానీ ధర చూసి వెనక్కి తగ్గాను. ట్యూబులర్‌కి గాలి పోయే దారి ఉండాలి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. ఏమీ నడవనప్పుడు 12.2 చూపిస్తే సగం అయిపోయినట్టు. నేను అక్కడితో ఆపేస్తాను. ఎండాకాలం డిస్టిల్డ్ వాటర్ మరవకూడదు.

నీళ్ల వైపు పెద్ద బాధేమీ లేదు. అర్ధరాత్రి అన్ని ట్యాపులూ కట్టేసి ఉండగా పంపు దానంతటదే ఒక్కసారి టక్కుమని నడిచి ఆగితే, ఎక్కడో చుక్క కారుతోందని లెక్క. నాకు సింకు కింద క్లిప్పు దగ్గర దొరికింది. టాయిలెట్ డబ్బా ఖాళీ చేయడానికి మన వైపు ప్రత్యేక ఏర్పాట్లు నాకెక్కడా కనబడలేదు, ఇంటికొచ్చి పారబోయడమే. అందుకే పెట్రోల్ బంకుల బాత్‌రూములకే నా ఓటు.

గ్యాసుకి 5 కేజీల సిలిండర్ వాడతాను. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. కట్టినవాళ్లు సిలిండర్ పెట్టెకి పైన జాలీ పెట్టి కింద మూసేశారు. పెట్టె అడుగున బయటికి తెరుచుకునే బెజ్జం పెట్టించాకే పొయ్యి వెలిగించాను. రబ్బరు పైపు మీద గడువు రాసి ఉంటుంది, చూసి మార్చండి.

ఇంకో మాట. ఏ ఊళ్లో ఆపినా జనం వస్తారు. "మెడికల్ క్యాంపా అన్నా?" అని అడిగినవాళ్లు ఎక్కువ. ఎలక్షన్లప్పుడు మాత్రం ఏ పార్టీ ప్రచార రథం అని అడిగారు. టీ ఇచ్చినవాళ్లూ ఉన్నారు, బీపీ చూడమని చెయ్యి చాచిన పెద్దమ్మా ఉంది.

ఇలాంటిది కొనాలనుకుంటే, అమ్మేవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి చూపిస్తారు. విని సంతోషించి, తర్వాత మంచం పరుపు లేపి కింది ప్లైవుడ్‌ని బొటనవేలితో నొక్కండి. అల్మారాల మూలల్లో ముక్కు పెట్టి వాసన చూడండి. వీలైతే వానాకాలంలో చూడటానికి పోండి. సొంత వాడకపు బండికి 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూసి ఆర్సీని 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేస్తారు, గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. సీట్లు తీసి మంచాలు వేసిన మార్పు ఆర్సీలో ఎక్కిందో లేదో తప్పక చూసుకోండి. ఎక్కకపోతే ధర ఎంత తగ్గించినా వద్దు.

ఏప్రిల్, మే నెలల్లో నా బండి ఇంటి ముందే ఉంటుంది. రామగుండం వైపు ఎండల్లో ఆ రేకు కింద పడుకోవడం ఎవరి వల్లా కాదు, రాత్రంతా ఏసీ నడిపేంత బ్యాటరీ నా దగ్గర లేదు. టాపు మీద పనులన్నీ ఆ రెండు నెలల్లోనే పెట్టుకుంటాను, అదీ పొద్దున ఎనిమిది లోపు. ఆ తర్వాత రేకు మీద చెయ్యి పెట్టలేం.